మిగులు పిస్తోలు: కొనదగునా?

మా మేనల్లుడు అమెరికాలో ఒహాయో రాష్ట్రమున భార్యతోను, ఆరేండ్ల కుమారునితోను కాపురమున్నాడు. గడచిన చలికాలమున వారి వీధిలో ఒక యింటి తలుపు పగులగొట్టి దొంగలు ప్రవేశించిరి. ఎవరికిని దెబ్బ తగులలేదు గాని ఆ వీధివారి నిద్ర చెడినది. నెల తిరుగకముందే మావాడు ఫోనులో ఒక చిత్రము పంపి, "మామయ్యా! ఇది చాల చౌకగా వచ్చుచున్నది. కొనమందురా?" అని యడిగెను. చిత్రమున నున్నది రుమేనియా సైన్యము వాడి విడిచిన టోకరేవ్ పిస్తోలు.

నన్నడుగుటకు కారణము కలదు. నేను మన సైన్యమున ఇరువది రెండేండ్లు ఆర్మరర్‌గా పనిచేసితిని. ఆయుధములను విప్పుట, తుడుచుట, అరిగిన భాగములను మార్చుట నా జీవనము. కనుక గొట్టము మంచిదా, స్ప్రింగు గట్టిదా యను పనివాని సమాధానమునే అతడు నా వద్ద కోరెను. నాకు తోచిన సమాధానము అంతకంటె కొంచెము పెద్దది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మన పట్టణములలో డిస్పోజల్సు సరకని సైనికుల కోటులు, కంబళ్లు, లారీలు అమ్మిరని మా నాయన చెప్పుచుండెడివారు. అమెరికాలో అట్టి సరకులో పిస్తోళ్లు కూడ చేరును. టోకరేవ్ అనునది దానిని రూపొందించిన రష్యనుని పేరు. తూలా నగరపు కర్మాగారమున పుట్టిన యీ పిస్తోలును సోవియట్ సైన్యము 1930వ దశకపు తొలినాళ్లలో స్వీకరించినది. 1933లో కొన్ని మార్పులు చేసినది. గొట్టపు వ్యాసము 7.62 మిల్లీమీటర్లు. మ్యాగజైనులో ఎనిమిది తూటాలు పట్టును. యుద్ధానంతరము పోలండు, హంగరీ, రుమేనియా, యుగోస్లావియా, చైనా దేశములు కూడ దీనిని తయారుచేసినవి. 1951లో సోవియట్ సైన్యము మకారోవ్ పిస్తోలును స్వీకరించగా పాతవి క్రమముగా వెనుకకు జరిగినవి. గ్రీజు పూసి పెట్టెలలో పెట్టిన వాటిని దశాబ్దముల తరువాత వర్తకులు కొని అమెరికాకు తెచ్చిరి. చౌక యగుటకు కారణమిదియే. దాని వెల ఏనాడో ఒక ప్రభుత్వము చెల్లించినది. అంతియేగాని అది నాసిరకపు వస్తువు కాదు; బురదలోను, మంచులోను పనిచేయుటకు పుట్టినది.

అయితే అది ఎవరి కొరకు పుట్టినదో ఆలోచింపవలెను. తొలుత చేసిన టోకరేవులో చేతితో త్రిప్పు రక్షణమీట లేదు. వెనుకనున్న సుత్తిని సగము వరకు లాగి నిలుపు గాడి యొక్కటే దానికి రక్షణ. ఆ గాడి అరిగినచో రక్షణయు అరిగినట్లే. సైనికునికి ఇది పెద్ద లోపము కాదు. అతడు గొట్టము వెనుక గదిలో తూటా లేకుండ పిస్తోలును ఒరలో పెట్టుకొనును. అవసరమైనపుడే పైభాగమును లాగి తూటా నెక్కించును. అమెరికాకు వచ్చిన వాటికి ప్రక్కన ఒక మీట కనిపించును. అది 1968 నాటి చట్టము దిగుమతికి విధించిన నియమముల కొరకు తరువాత చేర్చినది. దానిని చూచి మావాడు, "రక్షణమీట కూడ ఉన్నది గదా!" యని సంతోషించెను. చట్టము కొరకు అతికించిన మీటను నేనైతే నమ్మను.

ఇంకొక మాట. నేను చేతపట్టి పెరిగిన బ్రౌనింగ్ నమూనా పిస్తోలులో మ్యాగజైను తీసివేసినచో ట్రిగ్గరు పనిచేయదు. టోకరేవులో అట్టి యేర్పాటు లేదు. మ్యాగజైను తీసి, ఇక ఖాళీయే యనుకొన్నవాని చేతిలో, లోపల మిగిలిన ఒక్క తూటా పేలును. ఇంతకాలము ఆయుధములతో గడిపిన నేను సయితము ఆ పిస్తోలును పట్టుకొన్నచో మొదటి వారము నా చేతి యలవాటునకే భయపడుదును.

సైన్యములో పిస్తోలు ఒంటరిగా నుండదు. మేము కోత్ అని పిలుచు ఆయుధశాల యుండును. దానికి తాళము, కావలి, పుస్తకము ఉండును. ఏ సంఖ్యగల పిస్తోలు ఏ గంటకు ఎవరి చేతికి పోయినది, మరల ఎప్పుడు వచ్చినది వ్రాసి సంతకము చేయుదురు. తూటాలను లెక్కపెట్టి యిచ్చి, లెక్కపెట్టి తీసికొందురు. కాల్చినవాడు తుడువకున్న గద్దించుటకు నావంటివాడొకడుండును. అతనికి యింటిలో జగడమైనదనియో, మనసు బాగులేదనియో వినికిడియైనచో ఆనాడు ఆయుధ మీయకుండ ఆపు సుబేదారు ఉండును. మిగులు సరకుగా అమ్ముడుపోవునపుడు పిస్తోలు మాత్రమే వచ్చును. ఇవేవియు దానితో రావు. మావాడు చెప్పిన చౌక వెలలో లేనివి ఇవియే.

అతని ప్రశ్నకు పనివానిగా కూడ జవాబు చెప్పితిని. గ్రీజు కడిగిన తరువాతనే గొట్టము చూడుము. లోపల గుంటలున్నచో వదలిపెట్టుము. స్ప్రింగులు పాతవి, మార్పించుము. వాటి ఖర్చు స్వల్పము. అక్కడి తుపాకి మరమ్మతుదారునకు చూపక ఒక్క తూటాయైనను కాల్చకుము. తూటాల సంగతి వేరు. ఒకప్పుడు పిస్తోలుతోపాటు తూటాలు కూడ మిగులు సరకుగా చౌకగా దొరికెడివి, ఇప్పుడవి అరుదు. దొరికిన పాత తూటాలలో పలుమారు అడుగున నుండు మందు, కాల్చిన పిమ్మట గొట్టములో ఉప్పును మిగుల్చును. అది గాలిలోని తేమను పీల్చి ఒకటి రెండు రోజులలో త్రుప్పు పట్టించును. నూనెతో అది పోదు; నీటితో కడిగి, ఆరబెట్టి, ఆ తరువాత నూనె రాయవలెను. ఇనుమును నీటితో కడుగుమనగా మావాడు నమ్మలేదు. ఉప్పు దేనిలో కరుగునో మీ యమ్మ నడుగు మంటిని.

కొనుటకు అక్కడ పెద్ద అడ్డంకి లేదు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము మొదట లైసెన్సు, తరువాత ఆయుధము. అక్కడ అనేక రాష్ట్రములలో వేరే లైసెన్సు అక్కరలేదు. వర్తకుని వద్ద 4473 సంఖ్యగల పత్రము నింపి, 1998 నుండి అమలులోనున్న కేంద్ర తనిఖీలో నెగ్గవలెను. మనవారు ముఖ్యముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై వెళ్లినవారు, వేట లైసెన్సు మున్నగు కొలది మినహాయింపులు దప్ప, తుపాకి కలిగియుండుటయే అక్కడి కేంద్ర చట్టమున నేరము. మావానికి గ్రీన్‌కార్డు గలదు. అతనితో పనిచేయు మరియొక తెలుగు యువకునికి లేదు. ఇద్దరును చెరి సగము వేసి కొనుటకు చూచుచుండిరట! ఆ మాటకు నేను నవ్వలేకపోతిని.

ఇదంతయు చెప్పిన పిదప మేనల్లుని భార్య ఫోను తీసికొని, "బాబాయి గారూ! తాళపుచెవి ఎవరి వద్ద ఉండును?" అని యడిగెను. అంతసేపు మేమిద్దరము మాటలాడిన దానిలో ఆ ప్రశ్న రాలేదు. 2021లో అమెరికాలో తుపాకుల వలన దాదాపు 48,800 మంది మరణింపగా, వారిలో 26,000 మందికి పైగా తమ ప్రాణము తామే తీసికొన్నవారు. దొంగ రావచ్చును, రాకపోవచ్చును. చెడ్డ రోజు మాత్రము ప్రతి యింటికిని ఎప్పుడో యొకప్పుడు వచ్చును. బిడ్డకు ఆరేండ్లు, పది సంవత్సరములలో పదునారు వచ్చును. ఆ పిస్తోలు అప్పటికిని ఇట్లే పనిచేయుచుండును. గట్టిగా చేసిన వస్తువు గదా.

నేను మావానితో ఇట్లంటిని. చరిత్రమీద ప్రీతితోనో, గురి కొట్టు మైదానమున సరదాగా కాల్చుటకో అయినచో, పరీక్ష చేయించి కొనుము. తూటాలు ఒకచోట, పిస్తోలు మరియొకచోట తాళములో నుంచుము. దొంగకు భయపడి తలగడ క్రింద పెట్టుకొనుటకైనచో ఈ పిస్తోలు వద్దు. తలుపునకు మంచి గడియ వేయించుము. వీధివైపు దీపము పెట్టించుము. అతడు అవుననలేదు, కాదనలేదు.

ఇప్పటికి రెండు నెలలైనది. తలుపు మార్పించినాడు. పిస్తోలు ఇంకను కొనలేదు గాని, గత వారము ఒక ఇనుప పెట్టె చిత్రము పంపినాడు. దాని వెల పిస్తోలు వెలకంటె కొంచెము హెచ్చు. క్రింద ఆ అమ్మాయి వ్రాసిన వాక్యము ఒకటి కలదు: "తాళపుచెవి నా వద్దనే, బాబాయి గారూ."