అమీర్‌పేటలో ఏ చెఫ్ గొప్ప?

అమీర్‌పేట హాస్టళ్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకునే కుర్రాళ్లకు ఇంటి వంట ఎప్పుడూ బెంగే. పంజాగుట్టలో బిర్యానీ తిని వచ్చే దారిలో కూడా కబుర్లు వంటల మీదికే మళ్లుతాయి: టీవీ వంటవాళ్లలో ఎవరు గొప్ప?

1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ ‘ఖానా ఖజానా’తో హోటల్ చెఫ్ ఇంట్లోకి వచ్చాడు. 2021లో జెమినీ టీవీ ‘మాస్టర్‌చెఫ్ తెలుగు’లో సంజయ్ తుమ్మ, చలపతిరావు, మహేష్ పడాల న్యాయనిర్ణేతలయ్యారు.

‘వాహ్‌చెఫ్’గా పేరు పడ్డ సంజయ్ బలం వివరణ. ఏది ముందు వేయాలి, ఎందుకు వేయాలి అని నవ్వుతూ విడమరిచి చెబుతారు. చలపతిరావు మనసు దక్షిణాది ప్రాంతీయ వంటల మీద ఉంటుంది.

ఈ వాదనలోకి మస్తానమ్మను తేకపోతే అన్యాయమే. ఆమె టీవీ మనిషి కాదు, యూట్యూబ్ అవ్వ. నూరేళ్లు దాటిన వయసులో నేలమీద కూర్చుని, కట్టెల పొయ్యి మీద పుచ్చకాయలో కోడికూర వండి లక్షలమందిని ఆకట్టుకుంది. 2018 డిసెంబరులో కన్నుమూసింది.

కొత్తగా గరిటె పట్టినవాళ్లకు సంజయే మంచి గురువు. కారణం తెలిస్తే కూర చెడినా సరిదిద్దుకోవచ్చు. చేతి అంచనా కుదిరాక మాత్రం మస్తానమ్మ వీడియోలు మళ్లీ చూడాలి; కొలత గిన్నె లేని వంటలో ఎంత ధైర్యం ఉందో అప్పుడే తెలుస్తుంది.