పటం పక్కన నిలబడే మనిషి

ఇవాళ పట్టాలు అందుకున్న స్నాతకులకు, వెనక వరసల్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్న అమ్మానాన్నలకు అభినందనలు.

బొల్లారంలో చదువుకున్నారు కనుక రాష్ట్రపతి నిలయం మీకు కొత్త కాదు. 1860 నాటి భవనం అది. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా జనానికి తెరిచి ఉంచుతున్నారు. వంటశాల నుంచి భోజనశాలకు వెళ్ళే సొరంగంలో చేర్యాల బొమ్మలున్నాయి. చక్కటి బొమ్మలు. అయితే వాటి పక్కన ఒక మనిషి లేడు. నేను మాట్లాడదలచింది అతని గురించే.

చేర్యాల ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే. అక్కడి నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ముప్పై అడుగులు దాటిన పటాలు వేసేవారు. వేయించుకునేది కథ చెప్పేవాళ్ళు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు. ఊళ్ళో పటం వేలాడదీసి, కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మను చూపిస్తూ రాత్రిళ్ళు కథ నడిపేవారు. సొరంగంలో బొమ్మల పక్కన లేని మనిషి ఆ కథకుడే.

ఇప్పుడు ఆ చిత్రకారుడి కష్టం ఆలోచించండి. దీపం వెలుతురులో, అందరికన్నా వెనక కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు రాజో ఎవరు బంటో తెలియాలి. ఎర్రటి నేపథ్యం, పెద్ద కన్ను, తేటగా తిరిగిన గీత అందుకే వచ్చాయనుకుంటాను. నీడలు, దూరాలు చూపించకపోవడం చేతకానితనం కాదు, ఆ పనికి వాటితో అవసరం లేదు. కథకుడు ఊపిరి తీసుకునే చోట పూల అంచు వస్తుంది. పక్కన ఇంకొకరి మాట ఉందని తెలిసి, దానికి చోటు వదిలి వేసిన బొమ్మ అది. మీరు పట్టా పుచ్చుకున్న ఇలస్ట్రేషన్ అంటే ఇదే కదా!

పటం చిరిగి పాతబడితే పూజ చేసి నీళ్ళలో కలిపేసేవారు. మళ్ళీ కొత్తది వేయించేవారు. దాచిపెట్టడం కన్నా తిరిగి వేయడం మీదే వాళ్ళకు నమ్మకం ఎక్కువ. (మ్యూజియం వాళ్ళు నన్ను క్షమించాలి.)

నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివిన చిత్రకారుడు బాపుగారు 'బుడుగు' పుస్తకంలో చేసిందీ పక్కవారి మాటకు చోటు వదిలే పనే. నాలుగు గీతలు గీసి ఆగిపోయారు, మిగతాది ముళ్ళపూడి వెంకటరమణగారు చెబుతారని తెలుసు గనుక. తోట వైకుంఠంగారు బూరుగుపల్లి నుంచి బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చిత్రకళ చదువుకున్నారు. తీరా ఆయన కుంచె పట్టుకుని కూర్చున్నది ఊళ్ళో చిన్నప్పటి నుంచీ చూసిన ఆడవాళ్ళ బొట్టు, కొప్పు, చీర రంగుల దగ్గరే.

ఈమధ్య చేర్యాల ముఖాలు చేతిసంచుల మీదికీ, ఫోన్ కవర్ల మీదికీ వచ్చాయి. నాకు ఫిర్యాదు లేదు. సినిమా, టీవీ వచ్చి కథకుల ముందు జనం పలచబడ్డాక, నకాషీ ఇళ్ళలో పొయ్యి వెలిగించింది చిన్న ఫ్రేములూ మాస్కులే. అది వాళ్ళ బతుకుతెరువు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీరు ట్యాబ్లెట్ మీద ఆ పెద్ద కన్ను, ఆ ఎరుపు దించి 'జానపద శైలి' అని పేరు పెడితే దాన్ని నకలు అంటారు, వారసత్వం అనరు.

ఒగ్గు కథ చెప్పేవాళ్ళు తెలంగాణలో ఇంకా ఉన్నారు. చిందు యక్షగానం ఆడేవాళ్ళున్నారు. మీ నాయనమ్మ ఉంటే ఆమె దగ్గరా కథలుంటాయి. మొదటి కాంట్రాక్టు చేతికి రాకముందే వెళ్ళి, ఒక రాత్రి పూర్తిగా కూర్చుని వినండి. ఎక్కడ జనం నవ్వారో, ఎక్కడ లేచి వెళ్ళారో గమనించండి. కథకుడి పేరు, ఊరు రాసుకోండి. ఆ కథతో బొమ్మల పుస్తకం వేస్తే అట్ట మీద మీ పేరు పక్కన అతని పేరూ వేయించండి, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వండి.