ఆటల యంత్రమునకు కొత్త పెట్టె

యంత్రము చక్కగా పనిచేయుచుండగా, పెట్టె పగిలినదని దానిని పారవేయుట న్యాయమా? 1977లో అమెరికాలో విడుదలైన అటారీ 2600 అను వీడియో ఆటల యంత్రమును ఉదాహరణముగా తీసికొందము. ముందువైపు కొయ్యను పోలిన దాని ప్లాస్టిక్ పెట్టె పగిలినను, లోపలి సర్క్యూట్ బోర్డు నేటికిని పనిచేయుచున్న యంత్రములు ఎన్నియో కలవు. 2000లో బెంజమిన్ హెకెన్‌డార్న్ అను అమెరికను దీనినే విప్పి, చేతితో పట్టుకొని ఆడుకొనదగిన చిన్న పెట్టెలో ఇమిడ్చెను.

సామాన్యమైన వడ్రంగి పనిముట్లతోనే కొత్త పెట్టె చేయవచ్చును. ఈ యంత్రమునకు 9 వోల్టుల విద్యుత్తు వెలుపలి అడాప్టరు నుండి వచ్చును. ముందుగా దానిని ఊడదీయవలెను. విద్యుత్ సరఫరా భాగము లోపలనే ఉండు యంత్రముల జోలికి మాత్రము తెలిసినవారే పోవలెను.

బోర్డును, మరమేకుల రంధ్రములను, స్విచ్చులను, సాకెట్లను కొలిచి, మొదట అట్టతో నమూనా చేసి చూడవలెను. అది సరిపోయిన పిమ్మటనే టేకు పలకను కోయవలెను. బోర్డు పలకకు ఆనక చిన్న దిమ్మెలపై నిలువవలెను. వేడిగాలి పైకి పోవును గనుక అడుగునను పైభాగమునను రంధ్రములు ఉండవలెను.

లోపలి లోహపు కవచమును తీసివేయరాదు. కొయ్య రేడియో తరంగములను ఆపదు. కవచము లేనిచో, పిల్లలు ఆటలో మునిగియుండగా పక్క గదిలోని మీ రేడియో గరగరలాడవచ్చును!

చివరగా ఒక్క మాట. పెట్టెను జిగురుతో అతికింపక మరమేకులతో బిగింపుడు. రేపు బాగుచేయువారు తెరువగలిగినపుడే యంత్రమునకు ఆయుష్షు. అందము ఆ తరువాతిది.