వెంబడింపు: చట్టము చెప్పిన మాట



పూర్వము వీథిలో స్త్రీని వెంబడించువానిని ఇరుగుపొరుగువారు చూచి నిలవేసెడివారు. నేడు వాడు ఆమె చేతిలోని ఫోనులోనే చేరినాడు. అడుగుల చప్పుడు లేదు. చూచిన సాక్షియు లేడు. అట్టివానిని చట్టము ఎట్లు గుర్తించుచున్నదో ప్రతి కుటుంబమును ఎరిగియుండుట మేలు.

2013 వరకు మన శిక్షాస్మృతిలో ఈ నేరమునకు ప్రత్యేక నిర్వచనము లేదు. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాత ఏర్పడిన జస్టిస్ వర్మ సంఘము 2013 జనవరిలో నివేదిక సమర్పించినది. ఆ ఏడే 354-డి సెక్షను చేరినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను.

ఈ నిర్వచనమునకు రెండు భాగములు. స్త్రీ తన అయిష్టతను స్పష్టముగా తెలిపినను, చనువు పెంచుకొనుటకై పురుషుడు ఆమెను వెంబడించి పదేపదే పలుకరించుట, లేదా పలుకరింప యత్నించుట మొదటిది. ఆమె ఇంటర్నెట్టును, ఈ-మెయిలును, తదితర ఎలక్ట్రానిక్ సాధనములను వాడుకొను తీరుపై నిఘా వేయుట రెండవది. ఈ రెండవ భాగమున ‘పదేపదే’ అను మాట లేదు. చాటుగా ఆమె ఉత్తరప్రత్యుత్తరములను కనిపెట్టుచుండువాడు ఒక్క పలుకు పలుకకున్నను నేరస్థుడు కావచ్చును. బంధుత్వమును చట్టము మినహాయింపుగా పేర్కొనలేదు. నేరనివారణకై ప్రభుత్వము అప్పగించిన బాధ్యత, చట్టము విధించిన విధి, సందర్భమును బట్టి సహేతుకమని తేలిన నడత, ఇవియే మినహాయింపులు.

మొదటిసారి మూడేండ్ల వరకు, మరల చేసినచో ఐదేండ్ల వరకు ఖైదును, జరిమానాయు కలవు. బాధితుడు పురుషుడైనచో మాత్రము ఈ సెక్షను వర్తింపదు. అతడు బెదిరింపు మొదలగు ఇతర నేరముల సెక్షనులను ఆశ్రయింపవలసినదే. ఇది చట్టములో మిగిలిన వెలితి.

అయినను పెద్ద వెలితి మన ఇండ్లలో ఉన్నది. కుమార్తె వచ్చి ఫలానివాడు వేధించుచున్నాడని చెప్పినచో, “నీవేమి చేసితివి?” అని అడుగుదుము. ఫోను లాగికొందుము, పరువు పోవునని సందేశములను తుడిచివేయుదుము. అనగా శిక్ష ఆమెకు, రక్షణ వానికి! ఆ సందేశములే సాక్ష్యము. తేదీలతో భద్రపరచి, పోలీసులకు గాని జాతీయ సైబరు నేరముల పోర్టలునకు గాని ఫిర్యాదు చేయవలెను.

స్త్రీ వలదన్న మాటను చట్టము నేరనిర్వచనములోనే చేర్చి గౌరవించినది. ఆ మాటను మొదట వినవలసినవారు తల్లిదండ్రులు.