బాలలలో హ్రస్వదృష్టి

నలుబది ఏండ్లు దాటినవారికి దగ్గరనున్న అక్షరములు మసకబారుటను మనము చత్వారమందుము. చిన్నపిల్లలకు దూరముననున్న నల్లబల్లమీది అక్షరములు మసకబారినచో మాత్రము జనుల వాడుకలో 'సైటు' అను మాటయే వినబడును. వైద్యులు దీనిని హ్రస్వదృష్టి యందురు. ఈ రెండును ఒకటి కావు. చత్వారము వయస్సుతో అందరికిని వచ్చునది. కంటిలోని కటకము మెత్తదనమును కోల్పోవుటచే కలుగును. హ్రస్వదృష్టి చాలమందిలో కన్ను ఉండవలసిన దానికంటె పొడవుగా పెరుగుటచే కలుగును.

చూపు సరిగానున్న పెద్దవారి కనుగ్రుడ్డు ముందునుండి వెనుకకు సుమారు 24 మిల్లీమీటర్లు. దూరపు వస్తువునుండి వచ్చు కిరణములు వెనుకనున్న నేత్రపటలముమీద సరిగా కూడుకొనిననే చూపు స్పష్టముగా నుండును. కన్ను ఒక్క మిల్లీమీటరు ఎక్కువగా సాగినచో కిరణములు పటలమునకు ముందే కూడుకొని, అచటికి చేరునప్పటికి చెదరిపోవును. ఆ ఒక్క మిల్లీమీటరే సుమారు రెండున్నర డయాప్టర్ల దోషమునకు సమానము. పుటాకారపు అద్దము ఆ కిరణములను మరల పటలము మీదికి జరుపును. ఈ సంగతిని ఖగోళ శాస్త్రజ్ఞుడైన కెప్లరు 1604 లోనే వివరించెను.

అయితే అద్దము చూపును ఇచ్చును గాని కంటి పొడవును తగ్గింపదు. లేజరు చికిత్స కూడ కంటి ముందరి పొర వంపును మార్చునే గాని సాగిన కంటిని కురుచ చేయజాలదు. కన్ను సాగినకొలది లోపలి పొరలు పలుచబడును. అట్టివారికి నడివయస్సులో నేత్రపటలము ఊడుట, నీటికాసులు, చూపునకు కేంద్రమైన భాగము చెడుట మున్నగు ఆపదలు ఇతరులకంటె హెచ్చు. కనుక పిల్లవానికి అద్దములు అమర్చుటతో వైద్యుని పని తీరదు. ఆ కన్ను ఎందుకు సాగుచున్నది, దానిని ఎట్లు నిలుపవచ్చును అనునదియే అసలు ప్రశ్న.

దీనికి చదువే కారణమని పెద్దలు చాలకాలముగా అనుమానించుచు వచ్చిరి. నాటి ప్రష్యా రాజ్యమునందలి బ్రెస్లావు నగరమున హెర్మన్ కోన్ అను నేత్రవైద్యుడు 10,060 మంది విద్యార్థుల కన్నులను పరీక్షించి, ఫలితములను 1867 లో ప్రకటించెను. పల్లెబడులలో నూటికి ఇద్దరికైనను లేని హ్రస్వదృష్టి పెద్ద చదువుల పాఠశాలలలో నూటికి 26 మందిలో కనబడెను. అందువలన బల్లల ఎత్తును, తరగతి గదుల వెలుగును బాగుచేయవలెనని ఆయన వాదించెను.

తరువాతి వైద్యులలో అనేకులు ఈ దోషమును వంశపారంపర్యముగా ఎంచిరి. తల్లిదండ్రులకున్నచో పిల్లలకు వచ్చు అవకాశము అధికమన్న మాట నేటికిని సత్యమే. కాని వంశమే సర్వమైనచో ఒక్క తరములో లెక్క తారుమారు కారాదు. అలాస్కా ఉత్తర తీరమున బారో అను ఊరిలో, ఎస్కిమోలని లోకము పిలిచిన ప్రజల కుటుంబములను పరీక్షించి 1969 లో ఒక నివేదికను ప్రకటించిరి. తాతల తరములో దాదాపుగా లేని హ్రస్వదృష్టి బడికి పోయిన మనుమలలో సుమారు సగముమందికి కలిగియుండెను. రక్తము మారలేదు, మారినది జీవితవిధానము.

మారిన జీవితములో దోషి పుస్తకమేనా? ఈ ప్రశ్నకు 2008 లో ప్రకటితమైన ఒక పరిశోధన ఊహింపని సమాధానమిచ్చెను. సిడ్నీ నగరములోను, సింగపూరులోను పెరుగుచున్న ఆరేడేండ్ల చీనాజాతి బాలలను పోల్చి చూచిరి. జాతి యొక్కటే, తల్లిదండ్రులలో హ్రస్వదృష్టి కలవారి పాలును దాదాపు సమానమే. అయినను సింగపూరు పిల్లలలో నూటికి 29 మందికి ఈ దోషముండగా, సిడ్నీ పిల్లలలో నూటికి ముగ్గురికి మాత్రమే యుండెను. సిడ్నీ పిల్లలు తక్కువ చదివిరా యనిన, అదియును కాదు. వారే ఎక్కువ పుస్తకములు చదివిరి. ప్రధానముగా కనబడిన భేదము ఆరుబయట గడిపిన కాలము: సిడ్నీలో వారమునకు దాదాపు 14 గంటలు, సింగపూరులో 3 గంటలు.

రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. అందుచేత చీనాదేశపు గ్వాంగ్జౌ నగరములో 12 ప్రాథమిక పాఠశాలలను ఎన్నుకొని, చీట్లు తీసినట్లు రెండు భాగములు చేసిరి. ఆరు బడులలో దినమునకు 40 నిమిషముల ఆరుబయటి తరగతిని చేర్చిరి. తక్కిన ఆరింటిలో పాత పద్ధతినే ఉంచిరి. మూడేండ్లు గడచునప్పటికి పాత పద్ధతి బడులలో నూటికి 39 మందికి పైగా క్రొత్తగా హ్రస్వదృష్టి కలుగగా, ఆరుబయటి తరగతి గల బడులలో నూటికి 30 మందికి కలిగెను. ఫలితములు 2015 లో వెలువడినవి. మందు లేదు, యంత్రము లేదు; నలుబది నిమిషముల పగటి వెలుగు మాత్రమే.

గది లోపలి వెలుగుకంటె బయటి వెలుగు, చెట్టునీడలో సైతము, అనేక రెట్లు హెచ్చు. ఆ వెలుగు తగిలినపుడు నేత్రపటలమునుండి డోపమీన్ అను ద్రవ్యము వెలువడి కంటి పెరుగుదలకు కళ్ళెము వేయునని జంతువులపై జరిగిన ప్రయోగములనుబట్టి శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. ఇది ముఖ్యముగా దోషము రాకుండ కాపాడును. వచ్చిన పిదప దీని బలము స్వల్పము.

వచ్చిన పిదప చేయవలసినదేమి? ఒక తల్లి పదేండ్ల కూతురిని వెంటబెట్టుకొని వచ్చి నాతో ఇట్లనెను: "డాక్టరుగారూ, నంబరు కొంచెం తగ్గించి రాయండి. పూర్తి నంబరు పెడితే కన్ను దానికే అలవాటు పడిపోతుందట. రేపు పెళ్ళి చేయవలసిన పిల్ల." ఆమె భయము అర్థము లేనిది కాదు, ఒకప్పుడు వైద్యులలోను కొందరు అట్లే తలచి అద్దముల బలమును తగ్గించి ఇచ్చుచుండిరి. మలేషియాలో 94 మంది పిల్లలను రెండు భాగములు చేసి రెండేండ్లు పరీక్షించి, 2002 లో ఫలితములు ప్రకటించిరి. పూర్తి అద్దములు ధరించినవారికి దోషము 0.77 డయాప్టరు పెరుగగా, తగ్గించి ఇచ్చినవారికి ఒక డయాప్టరు పెరిగెను. మేలు చేయునని నమ్మినది కీడే చేసినది. ఆ తల్లికి ఈ లెక్క చెప్పి, పూర్తి నంబరే వ్రాసితిని.

మందులలో అట్రోపీను చుక్కలు ముఖ్యమైనవి. సింగపూరులో 400 మంది పిల్లలపై జరిగి 2006 లో వెలువడిన పరిశోధనలో నూటికి ఒక పాలు బలముగల చుక్కలు దోషవృద్ధిని గట్టిగా అడ్డెను. కాని కంటిపాప విచ్చుకొని వెలుగు సహింపరాకపోవుట, పుస్తకము మసకబారుట కలిగెను. మానివేసినపిమ్మట దోషము వేగముగా పెరిగెను. అందుచే మందును పలుచన చేసి చూచిరి. హాంకాంగులో 438 మంది పిల్లలపై జరిపి 2019 లో ప్రకటించిన పరీక్షలో 0.05 శాతపు చుక్కలు మేలనియు, 0.01 శాతపువి బలహీనములనియు తేలెను. అమెరికాలో 2023 లో వెలువడిన పరీక్షలో ఈ 0.01 శాతపు చుక్కలకును వట్టి చుక్కలకును భేదమే కనబడలేదు. ఏ మోతాదు ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. దుకాణములో కొని వేయదగిన మందు కాదిది. అంచులలో చిన్నచిన్న కటకములు పొదిగిన అద్దములు దోషవృద్ధిని సగమువరకు తగ్గించినట్లు హాంకాంగులోనే జరిగిన పరిశోధన 2020 లో తెలిపినది.

మన ప్రాంతపు సంగతి చూతము. మహబూబునగరు జిల్లా పల్లెలలో 7 నుండి 15 ఏండ్ల బాలలను పరీక్షించినప్పుడు నూటికి నలుగురికి హ్రస్వదృష్టి యున్నట్లు 2002 లో ప్రకటించిరి. అదే పద్ధతిలో ఢిల్లీ నగరమున పరీక్షింపగా నూటికి ఏడుగురికి పైగా కనబడిరి. పల్లెపిల్లలకు నాడున్న ఈ మేలును, తెల్లవారినది మొదలు రాత్రివరకు గదులలో సాగు చదువులకు అప్పగించుట క్షేమము కాదు.

కావున తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును నా మనవి. బల్లదగ్గరకు నడచిపోయి చదువు పిల్లవానిని, కన్నులు చికిలించి చూచు పిల్లను మందబుద్ధులని తలపక నేత్రవైద్యునికి చూపుడు. ఇచ్చిన అద్దములను పూర్తిగా ధరింపజేయుడు; ఏటేట పరీక్ష చేయింపుడు. సూర్యుని నేరుగా చూడరాదని చెప్పి, ప్రతిదినము పగటివేళ పిల్లలను బయట ఆడుకొననిండు. పరీక్షలు దగ్గరపడినవని ఆటల గంటను లెక్కల గంటగా మార్చు అలవాటు మన బడులలో కలదు. ఆ గంటను పిల్లల కన్నుల కొరకు విడిచిపెట్టుడు.