మనోవ్యాధికి మందు లేదా?

(సత్తెనపల్లిలో సమావేశమైన మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వధూవర పరిచయమును గూర్చియు పెద్దలు విపులముగ ముచ్చటించియున్నారు. ఆ విషయములు మనకు సుపరిచితములు. వానిని గూర్చి మాటాడుట సులభము. మేము నేడు మీ యెదుట నుంచదలచినది అట్టిది కాదు. అది ప్రతి గ్రామమునను గలదు. ఏ గ్రామమునను దాని పేరు బిగ్గఱగ పలుకరు. మనస్సునకు వచ్చు రోగమును గూర్చియు, దానివలనను, అప్పులవలనను గలుగుచున్న యకాలమరణములను గూర్చియు పరిశోధకులు కనుగొన్న సంగతులను మనవిచేసి, మన సంఘము చేయదగిన పని యేమో విన్నవింపగోరుచున్నాము. మేము వైద్యులము కాము. చదివినదానిని, కన్నులార చూచినదానిని చెప్పువారము మాత్రమే.

మనోవ్యాధికి మందు లేదని మనలో నొక సామెత కలదు. ఈ మాటను మనము రెండు విధముల వాడుచుందుము. బాధపడువానిపై జాలితో ననుట యొకటి. ఇక మనము చేయునదేమియు లేదని లేచిపోవుటకు ననుట రెండవది. ఈ రెండవ వాడుకయే మన కొంపలు ముంచుచున్నదని మా యభిప్రాయము.

ముందుగా మా తప్పును మేమే యొప్పుకొనవలయును. 2021-22 పంటకాలమున మన మిరపతోటలపై నల్ల తామరపురుగు పడిన సంగతి మీరెఱుగుదురు. పూత ముడుచుకొని రాలిపోయినది, కల్లములు బోసిపోయినవి. మా దగ్గఱి బంధువొకరు ఆ యేడు కౌలుకు భూమి తీసికొని మిరప వేసియుండిరి. పంట పోయిన పిమ్మట రెండు మాసములు ఆయనకు సరిగ నిద్ర లేదు. నడుమునొప్పి యనిరి; ఆకలి లేదనిరి; పదిమందిలోనికి వచ్చుట మానిరి. మేము పోయి, "ధైర్యముగ నుండుము, పంట అందఱికిని పోయినది గదా" అని చెప్పి, కాఫీ త్రాగి వచ్చితిమి. అంతకు మించి యొక్క ప్రశ్నయు నడుగలేదు. ఆయన మాకు దక్కలేదు.

ఆ దినమున వాకిట కూర్చున్న మేమందఱము కలిసి యొక మాట యనుకొంటిమి. గుండెనొప్పి వచ్చినదని చెప్పుదమని. ఇంట పెండ్లికెదిగిన పిల్ల యున్నది. సంబంధములు తప్పిపోవునని భయము. ఆ యబద్ధమునకు మేమును సాక్షులమే. పిల్ల పెండ్లి జరిగినది. కాని రైతు ఆత్మహత్య చేసికొన్నచో కుటుంబమునకు రావలసిన ప్రభుత్వసాయము ఆ యిల్లాలికి రాలేదు. గుండెనొప్పితో పోయినవారికి అది వర్తింపదు గదా! అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. ఆ పిల్లయు, దాని తమ్ముడును తమ తండ్రిని గూర్చి నేటికిని ఎవరితోను మనసు విప్పి మాటాడజాలకున్నారు. మేము వారికి దుఃఖించు హక్కును గూడ లేకుండ జేసితిమి.

ఇది మా యొక్క యింటి కథ కాదని లెక్కలు చెప్పుచున్నవి. 2010వ సంవత్సరమున దేశమంతటను జరిగిన ఆత్మహత్యలు 1,34,599 అని పోలీసు లెక్కలనుబట్టి జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించినది. అదే సంవత్సరమునకు, మరణించినవారి యిండ్లకు పోయి బంధువులను విచారించి, వైద్యులచే కారణమును నిర్ణయింపజేసిన మఱియొక పరిశోధన సుమారు 1,87,000 అని అంచనా వేసినది. ఇది 2012లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు వెలువడినది. ఈ రెండు సంఖ్యల నడుమ నేబదివేలకు పైగా మరణములు కలవు. అవి యన్నియు బుద్ధిపూర్వకముగ దాచినవే యని మేమనము. కాని మా వాకిటి వంటి వాకిళ్లు ఆ యంతరములో నెన్ని గలవో మీరే యూహింపుడు. దక్షిణరాష్ట్రములలో నీ మరణములు హెచ్చనియు, దేశమున సుమారు సగము విషముచేత, అందును ముఖ్యముగ పురుగుమందులచేత జరుగుచున్నవనియు ఆ పరిశోధనయే తెల్పినది.

మన ప్రాంతమునకీ దుఃఖము క్రొత్త కాదు. 1987-88లో పత్తిపై తెల్లదోమ విరుచుకొనిపడినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిరైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ఎన్ని మందులు కొట్టినను పురుగు చావదయ్యెను. మందుల యప్పు మాత్రము పెరిగెను. ఆ గొలుసు మనకు కొట్టినపిండి. కౌలుదారునకు బ్యాంకు అప్పు దొరకుట కష్టము; అందుచే మందుల కొట్టునందును, కమీషను కొట్టునందును, షావుకారు వద్దను తెచ్చును; పంట వచ్చినను ధర యుండదు; పంట రాకున్నను మక్తా తప్పదు. ఈ గొలుసును తెంపుట ప్రభుత్వముల విధి. గిట్టుబాటు ధర, పంటల బీమా, కౌలుదారునకు గుర్తింపు, ఇవి యడుగవలసినవే. కేవలము మనసునకు చికిత్స చేయించిన చాలు, అప్పులను గూర్చి యడుగనక్కఱలేదని మేము చెప్పుటలేదు.

కాని అప్పుపడినవారందఱును ప్రాణము తీసికొనుటలేదు. తేడా యెక్కడ నున్నది? ఈ ప్రశ్నకు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు పల్లెలలో నొక సమాధానము వెదకిరి. కణియంబాడి ప్రాంతమున ఆత్మహత్య చేసికొన్న 100 మంది జీవితములను, అదే ప్రాంతమున జీవించియున్నవారి జీవితములతో పోల్చిచూచి, 2010లో ఫలితములను ప్రకటించిరి. ఆ నూర్గురిలో వైద్యులు మానసికరోగమని పేరుపెట్టదగిన స్థితి 37 మందియందే కనబడినది. తక్కినవారి మాట యేమి? ఎడతెగని కష్టము, మానని శరీరబాధ, ఒంటరితనము, దగ్గఱివారితో తెగిపోయిన బంధము, ఇవి ప్రమాదమును పెంచినవని తేలినది. మా బంధువు నడుమునొప్పి యనినప్పుడు మేము దానిని నడుమునొప్పిగనే వింటిమి. విననేర్చినవారైయుండినచో వేఱువిధముగ వినియుందురు.

ఫ్రాన్సు దేశపు సమాజశాస్త్రజ్ఞుడు ఎమిల్ దుర్ఖైం 1897లో వ్రాసిన గ్రంథమున, మనుష్యుని సంఘమునకు కట్టియుంచు బంధములు సడలినపుడు ఆత్మహత్యలు పెరుగునని వాదించెను. కట్టుబాటు గలవారమని చెప్పుకొను మనకీ మాట గర్వకారణముగ తోచవచ్చును. కాని యోచింపుడు. కట్టుబాటు మనిషిని పడిపోకుండ పట్టుకొనవలయును. పడినవానిని దాచిపెట్టుటకు కాదు. మన కట్టుబాటు నేడు ఏ పని చేయుచున్నది?

ఇక మందు మాటకు వత్తము. కౌన్సెలింగు అని నేడు వాడుకలో నున్న పని, పెద్దమనిషి కూర్చుండి హితోపదేశము చేయుట కాదు. "ధైర్యముగ నుండుము" అనుట అంతకంటెను కాదు. ఎదుటివాడు చెప్పుకొనువఱకు తొందరపడక వినుట. అతని కష్టములను ఒక్కొక్కటిగ వరుసపెట్టించుట. వానిలో నేడు చేపట్టదగిన దొకదానిని అతనిచేతనే యెన్నింపించుట. చిన్నపని యొకటి నిర్ణయించుకొని, మరల వారమునకు కలిసి అది యేమైనదో చూచుట. ప్రాణముపై విరక్తి కలిగినదా యని సూటిగ నడుగుట. కలిగినదన్నచో నొంటరిగ విడువక వైద్యునివద్దకు తోడుపోవుట. అడిగినందువలన లేని యాలోచన పుట్టునని భయపడనక్కఱలేదు. అడిగినచో బరువు దిగునని నిపుణులు చెప్పుచున్నారు.

ఈ పనికి పెద్ద చదువులు కావలయునా? అక్కఱలేదని పరిశోధనలు తేల్చినవి. ఆఫ్రికాఖండమున జింబాబ్వే రాజధాని హరారేలో డాక్టర్ డిక్సన్ చిబండా 2006లో స్నేహపుబల్ల అను నర్థమిచ్చు పేరుతో నొక పని నారంభించెను. వైద్యశాల యావరణలో బల్ల; దానిపై తర్ఫీదు పొందిన యవ్వ; ఆమె ప్రక్కన కష్టము చెప్పుకొనవచ్చిన మనిషి. అంతే. 2016లో ప్రకటించిన పరీక్షయందు, ఆరు మాసముల పిమ్మట, ఆ బల్లపై కూర్చున్నవారిలో నూటికి 14 మందికే వ్యాకులత మిగిలెను. మామూలు వైద్యము పొందినవారిలో నూటికి 50 మందికి మిగిలెను. మన దేశముననే గోవాలో, సంగత్ అను సంస్థవారు వైద్యులు కాని సామాన్యులకు తర్ఫీదిచ్చి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కూర్చుండబెట్టిరి. తీవ్రమైన వ్యాకులతతో వచ్చినవారిలో, మూడు మాసములకు నూటికి 64 మంది తేఱుకొనిరి. ఆ సాయము లేనివారిలో 39 మంది మాత్రమే తేఱుకొనిరి. ఇది 2017 నాటి మాట. మన పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలోను, హర్యానాలోను జార్జి ఇన్‌స్టిట్యూటువారు ఆశా కార్యకర్తలచే ఇల్లిల్లు విచారింపజేసి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యునితో కలిపిరి; మనోరోగమును గూర్చిన సిగ్గును పోగొట్టుటకు గ్రామములలో ప్రచారము చేసిరి. వ్యాకులత తగ్గినది, సిగ్గును తగ్గినది. సామెత తప్పినది, సోదరులారా! మనోవ్యాధికి మందు కలదు.

విషమును దూరముగ నుంచుట రెండవ మందు. సింహళదేశమున 1995లో లక్ష జనమునకు 47 ఆత్మహత్యలు జరిగెను. మిక్కిలి ప్రమాదకరములగు పురుగుమందులను ఆ ప్రభుత్వము వరుసగ నిషేధింపగా, 2005 నాటికి ఆ సంఖ్య 24కు దిగెను. కష్టము వచ్చిన గడియ దాటిపోయినచో ప్రాణము నిలుచునని దీనివలన మనము నేర్చుకొనవలయును. ఆ దేశముననే 180 గ్రామములలో, 53 వేలకు పైగా కుటుంబములలో మఱియొక పరీక్ష జరిగినది. సగము గ్రామములలో ఇంటింటికి తాళముగల పెట్టె నిచ్చిరి. 2017లో ఫలితము చూడగా ప్రయోజనము కనబడలేదు. పెట్టెయు ఇంటనే, తాళపుచెవియు ఇంటనే యున్నచో ఫలమేమి? తమిళనాడు కడలూరు జిల్లాలో మాత్రము ఊరుమ్మడి గది కట్టి, అందు రైతుకొక యఱ యిచ్చి, రైతువద్ద నొక తాళపుచెవియు, కాపలాదారువద్ద నొక తాళపుచెవియు నుంచిరి. మందు తీయవలెనన్న నిద్దఱును కలియవలయును. చిన్న పరీక్షయే యైనను, ఆశాజనకమైన ఫలితము 2013లో ప్రకటింపబడినది. రెండవ తాళపుచెవి మఱియొక మనిషిచేత నుండవలయునను నీ సంగతి మా మనస్సును పట్టుకొన్నది. కష్టము మాటయు నంతియే.

పోలీసుల భయమున దాచితిమని కొందఱు చెప్పుదురు. ఆత్మహత్యాయత్నము 1860 నాటి శిక్షాస్మృతిలో నేరముగ నుండినది నిజము. కాని 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, అట్టివానిని తీవ్రమగు మనఃక్లేశమున నున్నవానిగ భావింపవలెననియు, ప్రభుత్వము సంరక్షింపవలెననియు శాసించినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాతసెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని నిర్బంధించుటకై చేయు యత్నము మాత్రమే నేరముగ మిగిలినది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము టెలిమానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోనుచేసినచో, పగలైనను రాత్రియైనను, తెలుగుననే మాటాడి సాయము పొందవచ్చును. ఈ సంఖ్యను మన సంఘపంచాంగము మొదటిపుటలో నచ్చొత్తింపవలెనని ప్రార్థన.

ఇక మా మనవులు నాలుగు.

మొదటిది. ప్రతి గ్రామశాఖనుండి ఇద్దఱు స్త్రీలను, ఇద్దఱు పురుషులను ఎన్నుకొని, ప్రభుత్వ మానసికవైద్యుల సాయముతో వినుట యెట్లో తర్ఫీదిప్పింపవలయును. వినుటతోపాటు విన్నదానిని కడుపులో దాచుకొనుటయు నేర్వవలయును. రచ్చబండ మీదికి మోసుకొనిపోవువాడు ఈ పనికి తగడు.

రెండవది. పంట పోయిన యేడు పురుగుమందులను ఇండ్లలో నుంచక ఊరుమ్మడి గదిలో నుంచు నేర్పాటు ఒకటి రెండు గ్రామములలోనైన చేసిచూడవలయును.

మూడవది. మరణము జరిగిన యింటికి పెద్దకర్మతో మన రాకపోకలు ఆగిపోవుచున్నవి. అసలు కష్టము అప్పుడే యారంభమగును. 2004 నాటి 421వ ప్రభుత్వోత్తరువు ఆత్మహత్య చేసికొన్న రైతుకుటుంబమునకు లక్షరూపాయలును, అప్పుల పరిష్కారమునకు మఱి యేబదివేలును నిర్ణయించినది. తరువాత నా మొత్తము పెంపబడినది. కాని కాగితములు కావలయును. కౌలు నోటిమాటగ నుండినచో ఆ వితంతువు దేనిని చూపును? చదువుకొన్న మన యువకులు ఆమెకు వ్రాయసకాండ్రై కచేరీలకు తోడుపోవలయును. ఏడాదిపాటు నెలకొకమాఱైన ఆ గడప త్రొక్కవలయును.

నాలుగవది కష్టమైనది. మన వధూవర పరిచయవేదికయందు, ఇంట మనోరోగము గలదనియో, ఆత్మహత్య జరిగినదనియో సంబంధము నిరాకరింపబోమని పెద్దలు నేడిచ్చటనే మాట యీయవలయును. మన యబద్ధములన్నిటికిని వేరు ఇచ్చటనే యున్నది. ఈ వేరు తెగనిది ఎన్ని బల్లలు వేసినను వానిపై కూర్చుండుటకు ఎవరును రారు.

ఒక్క మాట. మిరప కోయవచ్చు కూలీ లేకులమువారైనను, కౌలుదారులు ఏ గడపవారైనను, పురుగును అప్పును వారి కులమడుగుటలేదు. మనము వేయు బల్ల మన సంఘముపేర వేసినను, అందఱికిని కూర్చుండ చోటుండవలయును.

మా బంధువు నింటికి మరల నొకమాఱు పోగలిగినచో, ధైర్యముగ నుండుమని చెప్పము. కాఫీ చల్లారినను సరే, కూర్చుండి, "రాత్రులు నీ కేమగుచున్నది?" అని యడిగి, వినుచుందుము. ఆ యవకాశము మాకు పోయినది. మీలో ననేకులకు నేటికిని కలదు. నేటి సాయంకాలము సభ ముగిసి యిండ్లకు పోవునపుడు, కొంతకాలముగ పదిమందిలోనికి రాని మనిషి యెవడో జ్ఞాపకము చేసికొని, అతని వాకిట నొక్కసారి యాగుడు.