బంతి విసరుటకు ముందు

1887లో చికాగోలో పుట్టిన సాఫ్ట్‌బాల్ క్రీడయందు బంతిని, గాలిమర రెక్కవలె చేతిని త్రిప్పి, క్రిందినుండి విసరుదురు. ఇందువలన భుజమునకు శ్రమ లేదని పలువురి భ్రమ. నిజమునకు భుజము ముందరి కండరములపై ప్రతి విసురుకును గట్టి ఒత్తిడి పడును.

కనుక పోటీకి ముందు బాలిక మొదట మెల్లగా పరుగెత్తి ఒడలు వెచ్చబరచుకొనవలెను. పిదప కాళ్లు, నడుము, భుజములు కదలించవలెను. ఆ తరువాతనే బంతి పట్టవలెను: దగ్గర నిలిచి మణికట్టుతో కొన్ని విసురులు, పిమ్మట అర్ధవలయము, చివరకు పూర్తి దూరమునుండి పూర్తి వలయము. వేగమును క్రమముగా పెంచవలెను.

శిక్షకులకు ఒక మనవి. ఈ సన్నాహపు విసురులను కూడ లెక్కలో చేర్చుడు. జట్టు ఓడునేమోయను భయముతో పిల్ల నొప్పిని దాచుకొనును. మీరే అడుగుడు. నొప్పి యున్నదనినచో, ఆనాటికి బంతిని మరియొకరి కిండు.